నిరవంజి చెట్టు

అధ్యక్షులకు, గ్రంథాలయ నిర్వాహకులకు, ఎండను లెక్కచేయక వచ్చిన కడప పెద్దలకు నమస్కారాలు. బ్రౌన్ దొర నివసించిన చోట వెలసిన ఈ గ్రంథాలయంలో తెలుగు భాషా దినోత్సవం నాడు మాట్లాడమన్నారు కనుక, యాభై ఏళ్లుగా నన్ను వదలని ఒక్క మాటను గురించే మాట్లాడతాను.

నేను ఏడో తరగతిలో ఉండగా మా పల్లె ప్రార్థన మందిరంలో 137వ కీర్తన చదివారు. బబులోను నదుల ఒడ్డున కూర్చుని ఏడ్చిన చెరవారు తమ సితారాలను నిరవంజి చెట్లకు తగిలించారని అందులో ఉంది. నీళ్లకు మొగం వాచిన మా ఊళ్లో తుమ్మ, కానుగ, వేప తప్ప ఎరుగని నేను, నిరవంజి అంటే ఏమిటని మరునాడు బడిలో అడిగాను. ‘ఒక విధమైన చెట్టు’ అన్నారు అయ్యవారు. ఏ విధమైనదని మళ్లీ అడిగినందుకు అరచేతి మీద బెత్తంతో రెండు దెబ్బలు వేశారు. ఆ బెత్తం దగ్గరికి మళ్లీ వస్తాను.

కన్నడ బైబిలులో ఇదే చెట్టు నీరవంజి. నీటి ఒడ్డున పెరిగే వంజి అన్నమాట. ఈ వంజి సంస్కృత వంజులానికి చుట్టమని నా నమ్మకం. అయితే అమరకోశంలో వంజులం వేతసానికీ పేరే, అశోకానికీ పేరే; వేతసమంటే మన నిఘంటువులు ప్రబ్బలి అంటాయి, అది పేము జాతి. ఇంగ్లీషు బైబిలులో ఈ చెట్టు పేరు విల్లో. కానీ అసలు బబులోను చెట్టే విల్లో కాదనీ, యూఫ్రటీసు ఒడ్డున పెరిగే పోప్లార్ అనీ చాలామంది వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ సాలిక్స్ బాబిలోనికా అని పేరు పెట్టిన వేలాడే కొమ్మల విల్లోకు పుట్టిల్లు చైనా.

విల్లులా వంగుతుంది కనుక విల్లో అయిందా అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. అడిగినందుకు నేను కొట్టలేదు, కాదని మాత్రం చెప్పాను. ప్రాచీన ఇంగ్లీషులో అది వెలిగ్. తిరగడం, మెలిపడడం అనే అర్థమున్న ధాతువు దానికి మూలమని భాషావేత్తలు చెబుతారు. లాటిన్ సాలిక్స్ వేరే కుదురు. విల్లో బెరడు నుంచి 1828లో వేరుచేసిన సాలిసిన్ అనే నొప్పి తగ్గించే పదార్థానికి ఆ మాట మీదనే పేరు పెట్టారు.

ఇప్పుడు బెత్తం. ఇది పేముకు సంస్కృత నామమైన వేత్రానికి తద్భవం. వేత్రం, వేతసం, పారసీకులు విల్లోను పిలిచే బేద్, బుట్టలల్లే విల్లో కొమ్మకు ఇంగ్లీషువారి విథీ, ఇవన్నీ మెలివేయడం, అల్లడం అనే ఒకే ధాతువు సంతానం. అంటే నా ప్రశ్నకు జవాబు ఆనాడు అయ్యవారి చేతిలోనే ఉంది. రెండుసార్లు నా అరచేతిలో పెట్టారు కూడా, ఇద్దరికీ తెలియలేదు.

తెలుగు నేల వాగుల ఒడ్డున పెరిగే విల్లో ఒకటి ఉంది. దానిని ఏటిపాల అంటారు; ఆకు గన్నేరును పోలి ఉంటుంది కనుక కొండగన్నేరు అనీ అంటారు. ఇంత చక్కని మాటలుండగా పిల్లలకు ‘ఒక విధమైన చెట్టు’ అని చెప్పడం నాకిప్పటికీ కోపం తెప్పిస్తుంది. పెన్న, చెయ్యేరు ఒడ్డు పల్లెల నుంచి వచ్చినవారు ఎవరైనా ఉంటే, మీ అవ్వలు ఈ చెట్టును మరో పేరుతో పిలిచి ఉంటే, భోజనాలకు లేచే ముందు ఒక చీటీ మీద రాసి నాకు ఇవ్వండి. పెన్సిలు నా దగ్గర ఉంది.