గోధుమపిండి ఉన్న వంటింట్లోనే గ్లూటెన్ పడని బిడ్డకు వంట

నమస్కారమండీ. మా అమ్మాయికి సీలియాక్ వ్యాధి ఉంది. గోధుమ, బార్లీలలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ ఏ కొంచెం లోపలికి వెళ్లినా తన చిన్నపేగు దెబ్బతింటుంది. మిగతా అందరం చపాతీలు తింటాం. వంటిల్లు మాత్రం ఒక్కటే.

ముందు ఈ జల్లెడ చూడండి. పొద్దున కడిగి ఎండలో ఆరబెట్టినదే. కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటున్నాను. వల, అంచు కలిసే చోట తెల్లగా గీతలా కనిపిస్తోందా? అది నిన్నటి గోధుమపిండి. సూదితో గీకినా పూర్తిగా రాదు. ఇందులోనే రాగిపిండి జల్లిస్తే అమ్మాయి రొట్టెలోకి గోధుమ చేరినట్టే. చపాతీ పీట, అప్పడాల కర్ర పగుళ్లలోనూ ఇలాగే పిండి ఇరుక్కుంటుంది. ఈ మూడూ బిడ్డకు విడిగా కొనండి. నేను తనవాటికి ఎర్ర దారం కట్టాను. మా అత్తగారు వంట చేసినా పొరపాటు జరగదు. స్టీలు గిన్నెలు సబ్బుతో బాగా తోమితే చాలు, కానీ తోమే పీచు వేరుగా ఉండాలి.

ఇక ఇంగువ. చారు, పప్పు, పులిహోర, వీటిలో గోధుమ ఎక్కడిదని నేనూ అనుకున్నాను. డబ్బా వెనక చదివితే తెలిసింది. కూటు ఇంగువలో, అంటే పిండి కలిపి అమ్మే ఇంగువలో, చాలావరకు గోధుమపిండి కానీ మైదా కానీ కలుపుతారు. రెండు నెలలు రోజూ అదే పోపు వేసి పెట్టాను. ఆ బాధ ఇంకా పోలేదు. బియ్యపుపిండి కలిపిన ఇంగువ దొరుకుతుంది, అడిగి తెచ్చుకోండి.

పిండిమరలో జొన్నలు పట్టించకండి. మీకంటే ముందు ఎవరో గోధుమలు ఆడించే ఉంటారు. గ్లూటెన్ రహితం అని ముద్రించిన జొన్నపిండి పొట్లం కొనండి. మన దేశ నిబంధనల ప్రకారం అందులో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు.

బొంబాయి రవ్వ, సేమ్యా గోధుమవే. ఇడ్లీ రవ్వ బియ్యానిది. పూరీలు వేయించిన నూనెలో తనకు గారెలు వేయకండి. ఎంత కాగినా గ్లూటెన్ పోదు. చపాతీ తింటున్న చేత్తో ఆవకాయ జాడీ ముట్టుకోకూడదు, తనకు చిన్న సీసాలో ముందే తీసిపెట్టండి.

పొడిపిండి గాలిలో లేచి చాలాసేపటికి గానీ కిందికి దిగదు. అందుకని గోధుమపిండి డబ్బా ఇంకా తెరవలేదు. గట్టు తుడిచాను, చేతులు కడుక్కున్నాను. రండి, ముందు అమ్మాయికి జొన్నరొట్టె చేద్దాం.