ఆవలింతలు లెక్కపెట్టిన రోజులు

హోస్ట్: అమెరికాలో పసిపిల్లల ఐసీయూలో చాలా ఏళ్లుగా నర్సుగా చేస్తున్న అక్క ఇవాళ మనతో ఉన్నారు. అక్కా, తల్లి ఓపియాయిడ్ మందుల మీద, అంటే మార్ఫిన్ లాంటి నల్లమందు జాతి మందుల మీద ఉంటే పుట్టిన బిడ్డకి ఏమవుతుంది?

నర్స్: బొడ్డుతాడు కోయగానే మందు అందడం ఆగిపోతుంది కదా. అలవాటైన మందు అందక వచ్చే బాధ మామూలుగా మూడు రోజుల్లోపే మొదలవుతుంది. వణుకు, కీచుగా ఏడుపు, విరేచనాలు. పాల కోసం ఆబగా వెతుక్కుంటారు, కుదురుగా తాగలేరు. కాళ్లాడించీ ఆడించీ మడమలు పక్కగుడ్డకి రాసుకుని ఎర్రగా కమిలిపోతాయి. నాకు ముందు గుర్తొచ్చేది ఆ మడమలే.

హోస్ట్: అంటే వ్యసనంతో పుట్టినట్టా?

నర్స్: ఆ మాట అనకు తమ్ముడూ. ఒంటికి అలవాటు పడటం వేరు, వ్యసనం వేరు. ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్సగా డాక్టర్ రాసిన మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ వాడే తల్లుల బిడ్డలకీ ఇది వస్తుంది, అవీ ఓపియాయిడ్లే కదా. అలాగని కడుపుతో ఉండగా వాటిని ఉన్నట్టుండి ఆపకూడదు.

హోస్ట్: మీరు చేరిన కొత్తలో ఏం చేసేవారు?

నర్స్: ఫినెగన్ స్కోరు అని, ఈ బాధ ఎంతుందో కొలిచే మార్కుల పట్టీ, 1975 నాటిది. మూడు నాలుగు గంటలకోసారి తుమ్ములు, ఆవలింతలు, వణుకు అన్నిటికీ మార్కులు వేయాలి. వరసగా మూడుసార్లు 8 గానీ అంతకుమించి గానీ వచ్చిందా, బాధ తగ్గడానికి బిడ్డకి మార్ఫిన్. అప్పుడే కునుకు పట్టిన బిడ్డని విప్పి, కదిపి, ఏడిపించి, ఏడుస్తున్నాడని నేనే మార్కు వేసేదాన్ని!

హోస్ట్: భలే పరీక్ష.

నర్స్: పైగా లైట్లు, మెషీన్ల మోత, తల్లి ఎక్కడో వేరే వార్డులో. యేల్ న్యూ హేవెన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ మాథ్యూ గ్రాస్‌మన్ బృందం దీన్ని మూడు ప్రశ్నలకి దించింది. ఔన్సు పాలైనా తాగాడా, లేదా రొమ్ము బాగా పట్టాడా? గంటసేపు లేవకుండా పడుకున్నాడా? ఏడిస్తే పది నిమిషాల్లో ఊరుకున్నాడా? ఏది కుదరకపోయినా ముందు మందు కాదు. మసక వెలుతురు గది, పొత్తిళ్లలో బిగువుగా చుట్టడం, తల్లి గుండెల మీద పడుకోబెట్టడం.

హోస్ట్: మా అమ్మమ్మ చేసేవే ఇవన్నీ!

నర్స్: అమ్మమ్మ మాట అంటే ఆసుపత్రి వింటుందా? లెక్కలు కావాలి. 2017లో వాళ్లు రాసిన దాని ప్రకారం సగటున 22.4 రోజులు ఉండాల్సిన పిల్లలు 5.9 రోజులకే ఇంటికెళ్లారు. మార్ఫిన్ 98 శాతం మందికి ఇచ్చేది 14 శాతానికి దిగింది. ఒక్కచోటి సంగతేలే అనుకోకు. 2023లో 26 ఆసుపత్రుల్లో 1,305 మంది పిల్లల మీద చూస్తే, ఇంటికి పంపే స్థితికి రావడానికి పాత పద్ధతిలో 14.9 రోజులు, ఇందులో 8.2. కొందరికి మందు తప్పదు, అది వేరే విషయం.

హోస్ట్: మీకు కష్టమైందేంటి?

నర్స్: మా చూపు మార్చుకోవడం. తల్లిని నేరస్తురాలిలా చూస్తే ఆవిడ బిడ్డ దగ్గరికే రాదు. ఒకమ్మాయి, "నేను ముట్టుకుంటే ఇంకా ఏడుస్తాడేమో" అని తలుపు దగ్గరే నిలబడిపోయింది.

హోస్ట్: తల్లి అసలు రాలేకపోతే?

నర్స్: ఎత్తుకోవడానికే వాలంటీర్లు వస్తారు, ఎక్కువగా రిటైరైనవాళ్లు. ఒక పెద్దాయన చొక్కా మీద బిడ్డ వాంతి చేసుకుని పడుకున్నాడు. తుడుస్తానని టవల్ తీసుకెళ్తే, ఆయన కళ్లతోనే గోడ గడియారం చూపించాడు. గంటకి ఇంకా ఇరవై నిమిషాలుంది.