శ్రోతలు వేసిన మొట్టికాయలు

అందరికీ నమస్కారమండి. ఆదివారం పొద్దున, అదీ ఈ ఎండలో, ఇంతమంది వస్తారని నేనైతే అనుకోలేదు, ఫ్యాను కింద సీటు దొరికినవాళ్ళు అదృష్టవంతులు. మానసిక ఆరోగ్యం మీద మాట్లాడమని ఫోన్ చేసినప్పుడే నేను చెప్పేశాను, బాబూ నేను డాక్టర్ని కాదు, 22 ఏళ్ళు ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిముల ఫైళ్ళు తిప్పి తిప్పి బయటికొచ్చినదాన్ని, మా పాడ్‌కాస్ట్ విన్నవాళ్ళు మమ్మల్ని ఏమేం అన్నారో అది మాత్రం బాగా తెలుసు, కావాలంటే అది చెప్తానన్నాను. సరే అదే చెప్పండి అన్నారు. అందుకని ఇవాళ తిట్ల కార్యక్రమం.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. నేనూ, పదో తరగతి దాకా నా క్లాసులోనే చదివి తర్వాత సైకియాట్రిస్ట్ అయిన ఒకాయనా, నల్లకుంటలో ఆయన క్లినిక్‌లో ఆఖరి పేషెంట్ వెళ్ళిపోయాక రాత్రి ఎనిమిదిన్నరకి కూర్చుని మాట్లాడుకుంటాం, దాన్ని రికార్డ్ చేసి పెట్టేస్తాం. స్క్రిప్టు లేదు, స్టూడియో లేదు. సౌండు వస్తుందని ఫ్యాను ఆపేస్తాం, పది నిమిషాల్లో ఇద్దరం చెమటలు కక్కుతుంటాం. పై పోర్షన్‌లో ఒకావిడ సరిగ్గా ఆ టైముకే కుక్కర్ పెడతారు. మేమేమో ప్యానిక్ ఎటాక్ గురించి సీరియస్‌గా మాట్లాడుతుంటాం, మధ్యలో విజిల్. మాకు వచ్చిన మొట్టమొదటి శ్రోత అభిప్రాయం ఏంటో తెలుసా, "మేడమ్, మూడు విజిల్స్ చాలు, ఐదు వస్తున్నాయి, పప్పు అడుగంటుతది". ఎపిసోడ్ ఎలా ఉందో ఆ శ్రోత చెప్పనే లేదు.

ఇవన్నీ ఎక్కువగా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లుగానే వస్తాయి. రాసేవాళ్ళు తక్కువ, మనవాళ్ళకి మాట్లాడటమే హాయి. మొదటి ఏడాది సగం మెసేజ్‌లు ఒకటే గోల, సొల్లు ఎక్కువైందండీ, అసలు విషయానికి రావడానికి పావుగంట పడుతోంది, ఆ నవ్వులేంటి, ఇది నవ్వే సబ్జెక్టా అని. మిగతా సగం దానికి పూర్తిగా ఉల్టా, ఆ సొల్లు కోసమే వింటున్నాం, లెక్చర్లు కావాలంటే యూట్యూబ్‌లో వందున్నాయి అని. ఎవరి మాట వినాలి? నాకైతే రెండోవాళ్ళే కరెక్ట్ అనిపించేది, నాకు మాట్లాడటం ఇష్టం కాబట్టి అనుకోండి. ఇద్దరు ముగ్గురు మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని వినడం మనకేం కొత్త కాదు కదా, ఆకాశవాణి హైదరాబాద్‌లో కార్మికుల కార్యక్రమం వచ్చే రోజుల్లో చిన్నక్క, రాంబాబు, ఏకాంబరం మాట్లాడుకుంటుంటే మా నాన్న అన్నం కలుపుతూ కలుపుతూ మధ్యలో వాళ్ళకి జవాబు చెప్పేవాడు, రేడియోకి!

ఒకసారి మా డాక్టర్ మైకు పక్కన చాయ్ ఒలకబోశాడు. నేను గబుక్కున "ఒరేయ్ ఒరేయ్, వైరు, వైరు" అని అరిచాను. ఎడిటింగ్‌లో తీసేద్దాం అనుకుని మర్చిపోయాం, అది అట్లాగే బయటికి వెళ్ళిపోయింది. ఇక చూడండి. ఉప్పల్ నుంచి ఒక పెద్దాయన, "అంత చదువుకున్న డాక్టర్ గారిని పట్టుకుని ఒరేయ్ ఏంటమ్మా, పెద్దింటి ఆడపడుచులా ఉన్నావు" అన్నారు. సారీ చెప్పాను. అదే వారంలో దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది, "అక్కా, సైకియాట్రిస్ట్‌ని కూడా ఒరేయ్ అనేవాళ్ళు ఉంటారని తెలిశాక నాకు భయం పోయింది, నెలరోజులుగా పోవాలా వద్దా అని చూస్తున్నా, ఇయ్యాల అపాయింట్‌మెంట్ తీసుకున్నా". మేము గంటలు గంటలు భయపడకండి అని చెప్పినా రాని ధైర్యం చాయ్ ఒలికితే వచ్చింది. దానికి నేను పొంగిపోయాను, అక్కడే కొంచెం తలకెక్కింది కూడా, ఎందుకంటే ఇక ఏం మాట్లాడినా జనానికి మంచే జరుగుతుందనుకున్నాను.

ఈ దగ్గరితనానికి పేరు కూడా ఉందట, పారాసోషల్ అంటారు. 1956లో అమెరికాలో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అని ఇద్దరు రాశారు, రేడియోలో టీవీలో మాట్లాడే మనిషి మనకి బాగా తెలిసినవాడే అనిపిస్తుంది, వాడికి మాత్రం మనమెవరమో తెలీదు, అయినా మనం వాడిని నమ్ముతాం అని. తమాషా ఏంటంటే ఆ వ్యాసం అచ్చయిన పత్రిక పేరు సైకియాట్రీ! మా నాన్న ఏకాంబరానికి జవాబు చెప్పడం అదే అన్నమాట. అయితే ఏకాంబరం ఎప్పుడూ మా నాన్నకి మందుల గురించి చెప్పలేదు. మేం చెప్తున్నాం. అక్కడ వచ్చింది చిక్కు.

డిప్రెషన్ మందుల మీద ఒక ఎపిసోడ్ చేశాం, గంటా పది నిమిషాలు. పన్నెండో నిమిషంలో డాక్టర్ అన్నాడు, మొదటిసారి డిప్రెషన్ వచ్చినవాళ్ళకి, పూర్తిగా బాగయ్యాక ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు మందు వాడించి అప్పుడు ఆపే ఆలోచన చేస్తాం అని. నేను, అంటే జీవితాంతం అక్కర్లేదా అన్నాను. చాలామందికి అక్కర్లేదు అన్నాడు. నాకేమో ఆనందం ఆగలేదు, మా మేనత్త బీపీ మాత్ర కథ ఎత్తుకున్నాను, అందులోంచి ఆవిడ ఉస్మానియా బిస్కెట్లు దాచుకునే డబ్బాకి వెళ్ళాను, అక్కడినుంచి షుగర్, షుగర్‌లోంచి నిద్ర, మొత్తానికి యాభై ఒకటో నిమిషంలో డాక్టర్‌కి గుర్తొచ్చింది, "ఆగు ఆగు, ఒక్కసారిగా మాత్రం ఆపకూడదు, మీ డాక్టర్ చూస్తుండగా కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి" అన్నాడు. ఎడిటింగ్ చేస్తున్నప్పుడు నేను కూడా విన్నాను, ఏ తేడా అనిపించలేదు.

ఒకాయన మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగుతాడు. ఇరవై ఇరవై ఐదు నిమిషాలు. ఆయనకి పన్నెండో నిమిషం వినబడింది, యాభై ఒకటో నిమిషం వినబడలేదు. ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు వాడుతున్నాడు, ఏడో నెల నడుస్తోంది, బానే ఉన్నాడు, ఆ రాత్రి నుంచే ఆపేశాడు. మూడు నాలుగు రోజులకి కళ్ళు తిరగడం, తల అటూ ఇటూ తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు, ఊరికే చిరాకు, పిల్లాడు హోంవర్క్ బుక్కు కనబడట్లేదంటే ఇల్లెగిరిపోయేలా అరిచాడట. వాళ్ళావిడ ఫోన్ చేసింది. తిడితే బావుండేది, తిట్టలేదు. చాలా మెల్లగా, "మేడమ్, మీ ప్రోగ్రాం ఇని గోలీలు బంద్ చేసిండు, మీరే చెప్పిన్రంట గదా" అంది.

మీరే చెప్పిన్రంట గదా. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

వెంటనే ఆయన్ని వాళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళమన్నాం, మందు మళ్ళీ మొదలుపెట్టారు, కొన్ని రోజుల్లో సర్దుకుంది. రెండు నెలల తర్వాత ఆయనే మెసేజ్ పెట్టాడు, తప్పు నాదే మేడమ్, మొత్తం వినలేదు అని. నేను ఒప్పుకోను. మొత్తం ఎవరు వింటారండి? మీలో ఎంతమంది నేను మొదలుపెట్టినప్పటినుంచి ఫోన్ చూడకుండా ఉన్నారు, చేతులెత్తండి... చూశారా.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఆ కరెంటు కొట్టినట్టు ఉండటం చూసి చాలామంది, చూశావా మందుకి బానిసయ్యాడు అంటారు. అది బానిసత్వం కాదు. మెదడు ఆ మందుకి సర్దుకుని ఉంటుంది, హఠాత్తుగా తీసేస్తే తడబడుతుంది, మెల్లగా తగ్గిస్తే మామూలుగా అంత ఇబ్బంది ఉండదు. అలవాటు పడే బెడద ఎక్కువగా ఉండేది ఆల్‌ప్రజోలామ్, క్లోనజపామ్ లాంటి ఆందోళన తగ్గించే మందులతో, నెలల తరబడి సొంతంగా మింగుతూ పోతే. వాటిని కూడా ఒక్కసారిగా ఆపకూడదు. మనిళ్ళల్లో మాత్రం అన్నిటికీ ఒకటే పేరు, నిద్రమాత్రలు. "మా ఆయన నిద్రమాత్రలు వాడతాడు" అంటే ఏ మందో ఎవరికీ తెలీదు, పక్కింటి వదిన మాత్రం మానిపించెయ్యమని సలహా ఇస్తుంది.

ఆ ఫోన్ తర్వాత మేం ఒక రూలు పెట్టుకున్నాం. మందు గురించి ఏ మాట వచ్చినా దాని షరతు కూడా అదే ఊపిరిలో రావాలి, ఆ తర్వాతే బిస్కెట్లు. మర్చిపోతామని దేవుడి గూట్లోంచి చిన్న ఇత్తడి గంట తెచ్చి టేబుల్ మీద పెట్టాను, డాక్టర్ షరతు మింగేస్తే నేను గంట కొడతాను, అక్కడ ఆగి చెప్పాల్సిందే. ఇప్పుడు గంట మీద కంప్లైంట్లు! ఒకబ్బాయి అంటాడు, "గంట మోగినప్పుడల్లా మా నానమ్మ కళ్ళు మూసుకుని దండం పెడుతోంది". పెట్టనివ్వు నాయనా.

ఇంకో రకం మెసేజ్‌లు ఉంటాయి, తమ గురించి ఐదు నిమిషాలు చెప్పి, ఇది ఏంటో చెప్పేయండి అంటారు. లేకపోతే ఫలానా హీరోకి బైపోలార్ అంట కదా, డాక్టర్ గారు చెప్పట్లేదేంటి, భయమా అని. చెప్పడు. చూడని మనిషికి జబ్బు పేరు పెట్టకూడదని సైకియాట్రిస్టులకి పాత పాఠం ఒకటుంది. 1964లో అమెరికాలో ఒక పత్రిక, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న బారీ గోల్డ్‌వాటర్ మనసు సరిగ్గా ఉందా అని సైకియాట్రిస్టులని అడిగి జవాబులు అచ్చేసింది, ఆయన కోర్టుకెళ్ళి గెలిచాడు, ఆ తర్వాత 1973లో అక్కడి సైకియాట్రిస్టుల సంఘం ఇది తప్పని నియమాల్లో రాసేసుకుంది. మా శ్రోతలకి ఇది నచ్చలేదు, తప్పించుకుంటున్నారు అన్నారు. అనుకోనివ్వండి, ఇందులో మేం మారం.

రాత్రి రెండింటికి వచ్చే మెసేజ్‌లు వేరు. వాటిని మేం చూసేది పొద్దున్నే, అప్పటికి ఆలస్యం కావచ్చు. అందుకే ప్రతి ఎపిసోడ్ మొదట్లోనే 14416 నంబర్ చెప్తున్నాం, టెలిమానస్ అని మానసిక సాయానికి ఫోన్ హెల్ప్‌లైన్, కేంద్రం వాళ్ళు 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది, ఫ్రీ, ఇరవై నాలుగ్గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇన్సూరెన్స్ సంగతి కూడా తెగ అడుగుతారు, అది నా సొంత సబ్జెక్టు కాబట్టి ఒక్క మాట, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒంటి జబ్బులకి ఎలా ఇస్తారో వీటికీ అలాగే బీమా ఇవ్వాలి, అయితే మామూలు పాలసీలు హాస్పిటల్లో చేరితేనే పనికొస్తాయి, నెలనెలా ఓపీ ఫీజు ఎక్కువగా రాదు, పాలసీ కాగితం చదువుకోండి.

ఇక మాటల గొడవ. డిప్రెషన్ అంటే మా అమ్మకి అర్థం కాదు, బెంగ అనండి అని ఒకావిడ సంగారెడ్డి నుంచి అడిగారు. నాకు చాలా నచ్చింది, రెండు ఎపిసోడ్లు బెంగ, గుబులు, మనసు మొద్దుబారడం అని చక్కగా తెలుగులో మాట్లాడాం. వెంటనే ఇంకొకాయన, ఆయన భార్యకి ఆరేళ్ళుగా ఉందట, చాలా కోపంగా, "బెంగ అంటే పుట్టింటికి పంపిస్తే తగ్గేది మేడమ్, మా ఆవిడకి ఉన్నది అది కాదు, మీరు బెంగ అనగానే మా అమ్మ మందులెందుకు, నాలుగు రోజులు ఊరికి పంపు అంటోంది" అన్నారు. రెండూ నిజమే, ఏం చేస్తాం. ఇప్పుడు డిప్రెషన్ అనే అంటున్నాం, అది ఎలా ఉంటుందో చెప్పేటప్పుడు మాత్రం సంగారెడ్డి ఆవిడ మాటలు వాడుకుంటున్నాం. నరాల వీక్‌నెస్ అనుకుని ఊళ్ళో డాక్టర్ల చుట్టూ తిరిగేవాళ్ళు మన దగ్గర ఎంతమంది! 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్ళు 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి అసలు చికిత్సే అందట్లేదని తేలింది, మన రెండు రాష్ట్రాలు అందులో లేవు గానీ మన కథ వేరేగా ఉంటుందని నేననుకోను. అలాంటివాళ్ళకి మొదట చెవిన పడేది మాలాంటివాళ్ళ మాటే కావచ్చు.

ఒక మెసేజ్ చెప్పి ఆపేస్తాను. మాటవరసకి నేనొకసారి అన్నాను, "ఇలాగే వాగితే నన్ను ఎర్రగడ్డకి పంపిస్తారు" అని. మనం అందరం అనే మాటే, చిన్నప్పటినుంచి. డాక్టర్ కూడా నవ్వాడు. ఒకమ్మాయి వాయిస్ మెసేజ్, నలభై సెకన్లే. వాళ్ళ తమ్ముడికి స్కిజోఫ్రీనియా, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలోనే చూపిస్తున్నారు. మెట్రోలో తర్వాతి స్టేషన్ ఎర్రగడ్డ అని అనౌన్స్‌మెంట్ రాగానే కాలేజీ పిల్లలు ఒకడినొకడు డోర్ వైపు తోసుకుంటారట, దిగరా నీ స్టేషన్ వచ్చింది అని. అప్పుడే ఆ అమ్మాయి, చేతిలో ఓపీ చీటీ ఉన్న ప్లాస్టిక్ కవరు, పక్కన తమ్ముడు, దిగాలి. వాడు నవ్వుతాడట వాళ్ళతో పాటు. "మీరు అంటారనుకోలేదు అక్కా" అంది.

ఆ ముక్క తీసేశాం, తీసేస్తే ఏమైంది, వినేసింది కదా. ఫోన్ చేసి, వచ్చి మాట్లాడతావా అని అడిగాను. రానంది. తమ్ముడి పెళ్ళి సంబంధాలు చెడతాయని కాదు, తన పెళ్ళి చెడుతుందని భయం. దానికి బదులు, "అక్కడికి మొదటిసారి పోయేటోళ్ళకి ఏం తీసుకపోవాలె, ఎక్కడ లైన్ల నిలబడాలె, లోపల ఏం అడుగుతరు, గవి చెప్పండి, నాకెవ్వరు చెప్పలే" అంది. ఆ ఎపిసోడ్ వచ్చే గురువారం రికార్డ్ చేస్తున్నాం. ఆ అమ్మాయి ప్రశ్నలన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను, పదిహేడు వచ్చాయి. పైన ఆవిడకి కూడా చెప్పి వచ్చాను, ఆ ఒక్క రోజు ఎనిమిదింటికల్లా పప్పు దించేస్తానన్నారు.