రావలసిన సొమ్ము, తెలియని కారణం: రీఫండ్ల నిరీక్షణపై తిరుపతిలో చర్చ

2025 డిసెంబరు చివరి వారంలో తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చకు ఇది లిఖిత రూపం. పాల్గొన్నవారు తమ ఆదాయ వివరాలు బయటపెట్టి మాట్లాడారు కనుక పేర్లు ఇవ్వడం లేదు. ఒకరు పుత్తూరు ప్రాంతంలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఉపాధ్యాయురాలు, ఒకరు మూడు కార్లు అద్దెకు నడుపుతున్న యజమాని, మరొకరు చాలా ఏళ్ళుగా తిరుపతిలో ప్రాక్టీసు చేస్తున్న ఆడిటర్.

సంధానకర్త: నమస్కారం. ఆడిట్ అవసరం లేనివారు ఆదాయపు పన్ను రిటర్ను వేయడానికి మామూలుగా జులై 31 గడువు. ఈ ఏడాది ఫారాలు, వాటిని నింపే యుటిలిటీలు ఆలస్యంగా రావడంతో ఆ గడువును ముందు సెప్టెంబరు 15కు, ఆదాయపు పన్ను శాఖ పోర్టల్ మీద ఫిర్యాదులు వెల్లువెత్తిన తరువాత మరొక్క రోజు, అంటే 16కు జరిపారు. అది ముగిసి మూడు నెలలు దాటినా మన ఊళ్ళో ఇద్దరు పింఛనుదారులు కలిస్తే 'రీఫండ్ పడిందా?', అంటే ఎక్కువగా పట్టుకున్న పన్ను వెనక్కు వచ్చిందా అనే మాట వినబడుతూనే ఉంది. టీచరమ్మ గారూ, మీతోనే మొదలుపెడతాను. మీకు రావలసింది ఎంత?

ఉపాధ్యాయురాలు: పద్నాలుగు వేలు. పెద్ద మొత్తం కాదని కొందరు అనవచ్చు గానీ, నాకు అది ఐదారు నెలల మందుల ఖర్చు. పదవీ విరమణప్పుడు వచ్చిన డబ్బులో ఇరవై లక్షలు బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ చేశాను. ఏడాదికి లక్షా నలభై వేలు వడ్డీ వస్తే అందులో పది శాతం టీడీఎస్ కింద, అంటే నా చేతికి రాకముందే పన్నుగా, పట్టుకున్నారు. నా పింఛను నెలకు నలభై వేలు. పింఛను, వడ్డీ కలిపి లెక్క వేస్తే నేను కట్టవలసిన పన్ను సున్నా అని రిటర్ను వేసిన తరువాతే తెలిసింది.

ఆడిటర్: అమ్మా, అక్కడ ఒక్క మాట కలుపుతాను, ఇది చూస్తున్నవారికి వచ్చే ఏప్రిల్‌లోనే పనికొస్తుంది. అరవై ఏళ్ళు నిండినవారు తమ పన్ను సున్నా అని తేలే సందర్భంలో ఆ సంగతి తెలిపే ఫారం (2024–25లో అది 15హెచ్) ఇస్తే బ్యాంకు టీడీఎస్ పట్టుకోదు. 2024–25 లెక్క ప్రకారం మీకు స్టాండర్డ్ డిడక్షన్, అంటే పింఛను నుంచి అందరికీ ఒకేలా ఇచ్చే తగ్గింపు, డెబ్బై ఐదు వేలు పోగా మిగిలింది ఐదు లక్షల నలభై ఐదు వేలు. ఆ ఏడాది కొత్త పన్ను విధానంలో ఏడు లక్షల లోపు ఉన్నవారికి పన్ను మాఫీ చేసే రిబేటు ఉండేది కనుక పన్ను లేదు. ఏప్రిల్ నెలలోనే ఆ ఫారం ఇచ్చి ఉంటే ఈ పద్నాలుగు వేలు మీ ఖాతా దాటి వెళ్ళేవే కావు, రీఫండ్ కోసం ఎదురుచూడవలసిన అవసరమూ ఉండేది కాదు.

ఉపాధ్యాయురాలు: డిపాజిట్ చేసిన రోజు నా చేత ఎనిమిది చోట్ల సంతకాలు పెట్టించుకున్నారు, సార్. తొమ్మిదో సంతకం ఇదీ అని ఒక్కరూ చెప్పలేదు. చదువుకున్నదాన్ని, ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, నాకే తెలియకపోతే చదువు రాని మా పక్కింటి అవ్వకు ఎవరు చెబుతారు?

సంధానకర్త: రిటర్ను ఎప్పుడు వేశారమ్మా?

ఉపాధ్యాయురాలు: ఆగస్టు మొదటి వారంలో. ఆధార్ ఓటీపీతో ధ్రువీకరణ కూడా అదే రోజు పూర్తి చేశాం. అక్టోబరులో మెయిల్ వచ్చింది, నా లెక్క సరిగ్గానే ఉందని, రీఫండ్ నిర్ణయించామని. సంతోషించాను. రెండు వారాలు గడిచాక మా అబ్బాయి పోర్టల్ తెరిచి చూస్తే 'రీఫండ్ ఫెయిల్డ్' అని ఉంది. కారణం వెతికి పట్టుకోవడానికి మాకు ఇంకో నెల పట్టింది. కారణం నా ఇంటిపేరు.

సంధానకర్త: ఇంటిపేరా?

ఉపాధ్యాయురాలు: పదో తరగతి సర్టిఫికెట్టులో, సర్వీసు రిజిస్టరులో, పింఛను పత్రాల్లో, బ్యాంకు పాసుబుక్కులో నా పేరు ముందు పుట్టింటి ఇంటిపేరే ఉంది, అదీ ఒక్క పొడి అక్షరంగా. పాన్ కార్డు పెళ్ళయిన చాలా ఏళ్ళకు తీసుకున్నాను. అప్పుడు దరఖాస్తు నింపిన ఆయన మా వారి ఇంటిపేరు పూర్తిగా రాశారు. ఆధార్‌లోనూ అదే పడింది. మన ఇళ్ళలో ఎందరి ఆడవాళ్ళ పరిస్థితి ఇదే! పెళ్ళి కాగానే ఊళ్ళో ఒక పేరు, రికార్డుల్లో ఒక పేరు. ఇన్నాళ్ళూ ఎవరూ దాన్ని తప్పు అనలేదు. ఇప్పుడు ఒక కంప్యూటరు ఆ రెండు పేర్లూ ఇద్దరు మనుషులవి అనుకుంటోంది.

ఆడిటర్: ఇది మా ఆఫీసుకు వచ్చే అతి మామూలు కేసు. రీఫండ్ ఇప్పుడు ముందుగా ధ్రువీకరించిన బ్యాంకు ఖాతాకే వెళుతుంది. ఖాతాలో ఉన్న పేరు పాన్‌లో ఉన్న పేరుతో సరిపోలాలి. మగవారికీ ఈ ఇబ్బంది ఉంది, ఎందుకంటే మన తెలుగు పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, పాన్ దరఖాస్తులో చివరి పేరు ముందుగా అడుగుతారు, ఏది ఎక్కడ రాయాలో తెలియక కలగాపులగం చేస్తారు. దీనికి తోడు బ్యాంకుల విలీనాలు ఉన్నాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి. చిత్తూరు కేంద్రంగా ఉన్న సప్తగిరి గ్రామీణ బ్యాంకు ఈ ఏడాది మే 1న మరో మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. విలీనం జరిగిన చోట ఖాతాదారు తన ఐఎఫ్ఎస్‌సీ కోడ్ అదే ఉందో మారిందో చూసుకోవాలి, మారితే పోర్టల్‌లో మార్చుకోవాలి. ఆ సంగతి పల్లెలో ఉన్న పెద్దవారికి తెలిసేది రీఫండ్ ఆగిన తరువాతే.

సంధానకర్త: మీ సంగతి వేరు కదా, అన్నా. మీకు కొంత వచ్చింది.

కార్ల యజమాని: పదకొండు వేలు వచ్చింది సార్, రావలసింది పద్దెనిమిది. ఏడాదికి పద్దెనిమిది లక్షల బిల్లులు చేశాను. రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీకి సిబ్బందిని దించే కాంట్రాక్టు ఒకటి, ఒక ట్రావెల్ ఏజెన్సీకి యాత్రికుల ట్రిప్పులు ఒకటి. ఇద్దరూ ప్రతి బిల్లులో ఒక శాతం పట్టుకునే డబ్బు ఇచ్చారు. ఫ్యాక్టరీ పట్టుకున్న పదకొండు వేలు నా పాన్ మీద జమైన పన్నును చూపే పట్టిక 26ఏఎస్‌లో కనిపించాయి. ఏజెన్సీ పట్టుకున్న ఏడు వేలు కనిపించలేదు. బిల్లుల మీద వాళ్ళ సంతకాలు ఉన్నాయి కదా అని నేను మొత్తం అడిగాను. నవంబరులో వచ్చిన కాగితంలో పదకొండే ఒప్పుకున్నారు. ఏజెన్సీ గుమాస్తాను అడిగితే నా పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టామని, సరిచేస్తామని అన్నారు. ఇది నాలుగోసారి అనడం.

ఆడిటర్: పట్టుకున్నవారు ఆ సొమ్మును ప్రభుత్వానికి కట్టి, మూడు నెలలకు ఒకసారి టీడీఎస్ స్టేట్‌మెంటు దాఖలు చేయాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము ఉంది. అయితే స్టేట్‌మెంటు వేశాక పాన్ తప్పుపడితే, మీ డబ్బు వేరొకరి పేరు మీదకు వెళ్ళినా వాళ్ళకు వెంటనే నొప్పి కలగదు. నొప్పి మీకు. మీ చేతికి రాకముందే పట్టుకున్న పన్నును మళ్ళీ మీ దగ్గర వసూలు చేయకూడదని 1961 చట్టంలోని 205వ సెక్షను చెబుతోంది. న్యాయం మీ పక్కన ఉంది. కానీ రీఫండ్ లెక్క చూసే యంత్రం 26ఏఎస్‌ను చూస్తుంది, మీ బిల్లులను చూడదు. ఏజెన్సీ సవరణ స్టేట్‌మెంటు వేయగానే మీరు పోర్టల్‌లో రెక్టిఫికేషన్, అంటే ఉత్తర్వులో దిద్దుబాటు, అడగండి. ఉత్తర్వు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిసిన తరువాత నాలుగేళ్ళ వరకు దానికి సమయం ఉంది.

కార్ల యజమాని: నాలుగేళ్ళు అంటే నా కారు పాతబడిపోతుంది, సార్. ఏప్రిల్‌లో ఒక బండికి ఇన్సూరెన్సు కట్టవలసి వచ్చింది. చేతిలో లేక పద్దెనిమిది వేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. నెలకు మూడు వందల అరవై. రీఫండ్ రాగానే తీర్చేస్తానని మాటిచ్చాను. వచ్చిన పదకొండుతో కొంత తీర్చాను, మిగిలినదానికి వడ్డీ ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

సంధానకర్త: ప్రభుత్వం ఆలస్యానికి వడ్డీ ఇస్తుంది కదా, ఆడిటర్ గారూ?

ఆడిటర్: ఇస్తుంది. నెలకు అర శాతం, అంటే మన లెక్కలో నూటికి అర్ధ రూపాయి. గడువు లోపల రిటర్ను వేసినవారికి ఏప్రిల్ 1 నుంచి లెక్క కడతారు. వీరి పద్దెనిమిది వేల మీద నెలకు 90 రూపాయలు అవుతుంది. ఆ వడ్డీ మళ్ళీ వచ్చే ఏడాది ఆదాయంలో చూపించాలి. అదే మనం పన్ను కట్టడంలో ఆలస్యం చేస్తే నెలకు ఒక శాతం. ఇంకొక షరతు ఉంది, అది టీచరమ్మ గారి లాంటివారికి తగులుతుంది. ఆలస్యానికి కారణం పన్ను చెల్లించే మనిషి అని తేలితే ఆ కాలానికి వడ్డీ రాదు.

ఉపాధ్యాయురాలు: అంటే నా రెండు పేర్లు నా తప్పు కింద లెక్కా?

ఆడిటర్: అలా లెక్కవేసే అవకాశం ఉందమ్మా. నాకూ బాధగానే ఉంది.

సంధానకర్త: శాఖ పక్షాన కూడా ఒక మాట చెప్పుకోవాలి. ధ్రువీకరణ తరువాత రిటర్నుల పరిశీలనకు పడుతున్న సగటు సమయం 2019–20 అసెస్‌మెంట్ సంవత్సరంలో 82 రోజులు ఉండగా, 2023–24 నాటికి 10 రోజులకు తగ్గిందని ఆర్థిక శాఖ 2023 సెప్టెంబరులో ప్రకటించింది. బెంగళూరులో రిటర్నులను పరిశీలించే కేంద్రం, సీపీసీ, చేస్తున్న పని పరిమాణం చూస్తే అది చిన్న విషయం కాదు.

ఆడిటర్: ఒప్పుకుంటాను. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో రీఫండ్ చెక్కు కోసం ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగేవాళ్ళమో నాకు గుర్తుంది. ఇప్పుడు నూటికి ఎనభై, తొంభై మందికి వారాల్లో పడుతోంది. ఆగినవారికి మాత్రం ఆ సగటు వల్ల ఉపయోగం లేదు. చట్టం ఇచ్చిన వ్యవధి చూడండి. రిటర్ను వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల వరకు శాఖ తన లెక్క తెలిపే ఇంటిమేషన్ పంపవచ్చు. ఈ ఆగస్టులో వేసినదానికి 2026 డిసెంబరు 31 వరకు సమయం ఉన్నట్టు. మనకు ధ్రువీకరణకు 30 రోజులు. అది దాటితే, ధ్రువీకరించిన రోజే రిటర్ను వేసినట్టు లెక్క. అప్పుడు గడువు మీరితే ఐదు వేల రుసుము, ఆదాయం ఐదు లక్షల లోపు ఉంటే వెయ్యి. శాఖకు సమయం కావాలి, నేను కాదనను. ఆ సమయంలో ఎందుకు ఆగిందో మనిషికి అర్థమయ్యే తెలుగులో ఒక్క వాక్యం రాయడానికి అడ్డం ఏముంది?

సంధానకర్త: ఈ నెలలో చాలామంది ఫోన్లకు సందేశాలు వచ్చాయి, రీఫండ్ నిలిపివేశామని, డిసెంబరు 31 లోపు రిటర్ను సవరించుకోవచ్చని. వాటి సంగతి?

ఆడిటర్: అది రిస్క్ పరిశీలనలో తేడా కనిపించిన వారికి పంపినవి. దీని గురించి నేను దాచకుండా మాట్లాడాలి, ఎందుకంటే మా వృత్తి చుట్టూ తిరిగే కొందరు ఏజెంట్లే దీనికి కారణం. 'మీకు లక్ష రీఫండ్ తెప్పిస్తాను, అందులో పది శాతం నాకు ఇవ్వండి' అని ఉద్యోగుల దగ్గరకు వెళతారు. ఇవ్వని రాజకీయ పార్టీ విరాళం ఇచ్చినట్టు, కట్టని అద్దె కట్టినట్టు చూపిస్తారు. అలాంటివి పట్టుకోవడం శాఖ విధి, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. నా బాధ ఏమిటంటే, నిజంగా విరాళం ఇచ్చి రసీదు దాచుకున్నవారికీ అదే సందేశం వస్తోంది, దాన్ని చూసి భయపడి న్యాయమైన మినహాయింపును వదులుకుంటామని నా దగ్గరకు వస్తున్నారు. రసీదు ఉన్నవారు వదులుకోవద్దు. తప్పు చూపించినవారు మాత్రం 31 లోపు సవరించుకోండి. ఆ తరువాత అప్‌డేటెడ్ రిటర్ను దారి ఉంటుంది గానీ అందులో రీఫండ్ పెంచుకోవడం కుదరదు, అదనపు పన్ను కట్టవలసి వస్తుంది.

సంధానకర్త: ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వస్తోంది. రీఫండ్ల విషయంలో ఏమైనా మారుతుందా?

ఆడిటర్: మొదట పార్లమెంటులో పెట్టిన బిల్లులో, గడువు దాటి రిటర్ను వేసినవారికి రీఫండ్ రాకుండా చేసే నిబంధన ఉంది. సెలెక్ట్ కమిటీ దాన్ని తీసేయమని సిఫారసు చేసింది, చట్టంలోకి అది రాలేదు. అది ఉండి ఉంటే, ఆసుపత్రిలో ఉండో, ఊళ్ళో లేకో గడువు తప్పిన గెస్ట్ లెక్చరర్లకు, చిన్న ఉద్యోగులకు పట్టుకున్న పన్ను పూర్తిగా పోయేది. ఆదాయం వచ్చిన ఏడాది ఒకటి, దాన్ని లెక్కగట్టే 'అసెస్‌మెంట్ సంవత్సరం' మరొకటి అనే గందరగోళం కూడా పోయి 'పన్ను సంవత్సరం' అనే ఒకే మాట ఉంటుంది. కారణం చెప్పే బాధ్యత గురించి మాత్రం నేను కోరుకున్న మార్పు కనిపించలేదు.

సంధానకర్త: సమయం దగ్గర పడింది. టీచరమ్మ గారు ఇప్పుడు ఏం చేయాలి?

ఆడిటర్: మూడు దారులు. బ్యాంకులో పేరు మార్పించుకోవచ్చు, కానీ అది పింఛను ఖాతా కనుక ట్రెజరీ రికార్డులు కూడా కదిలించాలి. పాన్, ఆధార్ రెండూ పుట్టింటి పేరుకు మార్పించుకోవచ్చు, దానికి నెలలు పట్టవచ్చు. సులువైనది, పాన్‌లో ఉన్న పేరుతోనే ఒక కొత్త సేవింగ్స్ ఖాతా తెరిచి, దాన్ని పోర్టల్‌లో ధ్రువీకరించి, రీఫండ్ రీఇష్యూ కోసం, అంటే దాన్ని మళ్ళీ పంపమని, అభ్యర్థన పెట్టడం.

ఉపాధ్యాయురాలు: డబ్బు కోసం మూడోదే చేస్తాను. సోమవారం బ్యాంకుకు వెళతాను. అయితే పాన్‌ను మా నాన్న ఇంటిపేరుకు మార్చే దరఖాస్తు కూడా పెడతాను, సార్, ఎన్ని నెలలు పట్టినా సరే. నా దగ్గర చదువుకున్న పిల్లలు నన్ను గుర్తుపట్టేది ఆ పేరుతోనే.

కార్ల యజమాని: నేను రేపు ఆ ఏజెన్సీకి వెళ్ళాలి. సవరణ స్టేట్‌మెంటు వేసినట్టు చెబితే సరిపోతుందా, రసీదు అడగాలా?

ఆడిటర్: టోకెన్ నంబరు ఉన్న రసీదు అడగండి. అది చేతికి వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి. వచ్చాక వారం పది రోజులు ఆగి 26ఏఎస్ తెరిచి చూడండి, ఏడు వేలు కనిపించిన రోజే నాకు ఫోన్ చేయండి.