పల్లె నుంచి పల్లెకు: అమెరికాలో ఒక వలస వైద్యుడి దారి

[తెరపై: కనుచూపు మేర మొక్కజొన్న చేలు, మధ్యలో చిన్న ఆసుపత్రి]

రైతు ఇంట్లో పుట్టి, భారత్‌లో ఎంబీబీఎస్ చదివి అమెరికా వెళ్లిన డాక్టరు ఎక్కడ స్థిరపడతారు? ఏదో మహానగరంలో అనుకుంటాం. కానీ అలాంటివారిలో ఎందరో నార్త్ డకోటా, కాన్సాస్ వంటి రాష్ట్రాల్లో పొలాల నడుమ ఉన్న చిన్న ఊళ్లలో వైద్యం చేస్తున్నారు. వాళ్లను అక్కడికి చేర్చింది ఒక చట్టం.

విదేశీ వైద్యులు అమెరికా వైద్య లైసెన్సుకు అవసరమైన యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షలు దాటాక రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో శిక్షణ చేయాలి. పెద్దల వ్యాధులు చూసే ఇంటర్నల్ మెడిసిన్‌కు అది 3 ఏళ్లు. చాలామంది శిక్షణ కోసం ఇచ్చే జే-1 వీసాపై వస్తారు. ఆ వీసా నిబంధన ప్రకారం శిక్షణ ముగిశాక 2 ఏళ్లు స్వదేశంలో గడపాలి.

[తెరపై: 1994]

ఆ ఏడాది నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ చొరవతో ఒక మినహాయింపు వచ్చింది. వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో 3 ఏళ్లు, వారానికి కనీసం 40 గంటలు పనిచేస్తే వెనక్కి వెళ్లనక్కర్లేదు. మొదట రాష్ట్రానికి ఏటా 20 మందికే అవకాశం ఉండేది, తర్వాత 30కి పెంచారు. కాలిఫోర్నియాకూ 30, నార్త్ డకోటాకూ 30. అందుకే పల్లెలు ఎక్కువగా ఉన్న చిన్న రాష్ట్రాలకు ఇది పెద్ద ఆసరా.

[తెరపై: పరీక్ష గదిలో డాక్టరు, ఎదురుగా ఒక రైతు]

రైతు బిడ్డగా పెరగడం ఇక్కడే అక్కరకొస్తుంది. చెమటలు, నోట్లో ఊరే లాలాజలం, సూదిమొనంత కుంచించుకుపోయిన కనుపాపలతో ఒక రైతు వస్తే, ఆ డాక్టరు వెంటనే అడిగే ప్రశ్న: "పొలంలో ఏ మందు కొట్టారు?" అవి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల విష లక్షణాలు. ఒంటికి అంటిన మందును కడిగేయాలి, విరుగుడుగా అట్రోపిన్ ఇవ్వాలి, ఆలస్యమైతే ఊపిరి ఆగిపోవచ్చు.

బూజు పట్టిన గడ్డి కదిపిన కొన్ని గంటలకు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే న్యుమోనియా అని పొరబడే వీలుంది. అది బూజు రేణువుల వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే వాపు కావచ్చు. యాంటీబయాటిక్స్ దానికి పనిచేయవు. ఆ గడ్డికి దూరంగా ఉండటమే అసలు చికిత్స. ఇక కోతల వేళ "వచ్చే వారం రండి" అంటే ఏ దేశపు రైతైనా రాడు. అది తెలిసిన డాక్టరు వీలైన పరీక్షలన్నీ ఆ రోజే చేయిస్తారు. ఈ ఎరుకను ఏ రెసిడెన్సీ ఇంత లోతుగా నేర్పగలదు?

[తెరపై: వీసా పత్రాలు]

ఇంత చేసినా గ్రీన్‌కార్డు త్వరగా రాదు. ఏ ఒక్క దేశానికీ ఏటా 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల భారత్‌లో పుట్టిన వైద్యుల నిరీక్షణ పదేళ్లు దాటుతోంది. కొరత ఉన్నచోటికి పిలిచి పనిచేయించుకుని, ఇలా నిలబెట్టడం అన్యాయమని నా గట్టి నమ్మకం.

అన్నిటికన్నా బాధించేది తల్లిదండ్రుల సంగతి. గ్రీన్‌కార్డు వచ్చినా వాళ్లను శాశ్వతంగా తెచ్చుకోలేరు. ఆ హక్కు పౌరసత్వంతోనే వస్తుంది, దానికి సాధారణంగా మరో 5 ఏళ్లు ఆగాలి. పరాయి దేశపు ముసలి రైతులకు రోజూ నాడి పట్టే ఆ డాక్టరు దగ్గర సొంత అమ్మానాన్నలు ఉండాలంటే అంతవరకు విజిటర్ వీసాయే దిక్కు. దానిపై వచ్చిన ప్రతిసారీ సాధారణంగా 6 నెలల వరకే అనుమతిస్తారు.