నల్ల చదరం, నాలుగు మూలలు

శ్రోతలకు నమస్కారం.

ఫోన్ కెమెరా తెరవగానే ఖాళీ బల్ల మీద ఓ బొమ్మ నిలబడి కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటున్న ఈ విద్య మాత్రం పాతదే. 1968లోనే ఐవాన్ సదర్లాండ్ తలకు తగిలించుకునే తెర చూపించారు. తల ఎటు తిరిగిందో కొలవడానికి దానికి పైకప్పు నుంచి ఓ లోహపు చేయి వేలాడేది. 1990ల మొదట్లో బోయింగ్‌లో టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ విమానాల వైర్ల కట్టలు అమర్చే పనివాళ్ల కోసం ఇదే దారి పట్టారు.

అందరినీ సతాయించింది ఒక్కటే. బొమ్మ పెట్టిన చోట నిలవదు. తల సెకనుకు 50 డిగ్రీల చొప్పున తిరుగుతోందనుకోండి. యంత్రం సెకనులో పదో వంతు ఆలస్యం చేసింది. ఆలోగా తల 5 డిగ్రీలు తిరిగిపోయింది. చేయి చాచినంత దూరంలో, అంటే 68 సెంటీమీటర్ల దగ్గర, బొమ్మ దాదాపు 6 సెంటీమీటర్లు పక్కకు జరిగింది. ఈ మరను విప్పు అని చూపాల్సిన బాణం పక్క మరను చూపిస్తుంది.

దీనికి 1999లో హిరోకాజు కాటో, మార్క్ బిల్లింగ్‌హర్స్ట్ చూపిన మార్గం నాకు ఎప్పటికీ ముచ్చటే. ఖరీదైన సెన్సర్లు లేవు. ఒక కెమెరా, ఒక కాగితం, కాగితం మీద లోపల ఓ గుర్తున్న నల్ల చదరం. ఈ చదరాన్నే మార్కర్ అంటారు. ఏఆర్‌టూల్‌కిట్ అనే వాళ్ల ప్రోగ్రాంకు కావాల్సింది ఇంతే.

కెమెరా పంపిన ప్రతి చిత్రాన్నీ ప్రోగ్రాం ముందు నలుపు, తెలుపులుగా విడగొడుతుంది. నల్లటి ముద్దల్లో నాలుగు సరళరేఖల అంచున్నవాటినే ఏరుతుంది. లోపలి గుర్తును నిటారుగా సర్ది, తన దగ్గరున్న నమూనాతో పోల్చి ఇది ఏ మార్కరో తేలుస్తుంది. ఇక మిగిలింది నాలుగు మూలలు. చదరం అసలు వెడల్పు తెలుసు, మూలలు చిత్రంలో ఎక్కడ పడ్డాయో తెలుసు. కెమెరా ఎంత దూరంలో ఉందో, ఎంత వంగి ఉందో లెక్క తేలిపోతుంది. పైగా కెమెరా దృశ్యం మీదే బొమ్మ గీసి చూపిస్తే రెండూ కలిసే ఆలస్యమవుతాయి, విడిగా జారవు.

మరి ఎక్కడ చెడుతుంది? అంచు దగ్గర. నల్ల అంచు మీద వేలు పడిందా, నాలుగు రేఖలు దొరకవు, బొమ్మ మాయం. మెరిసే కాగితం మీద దీపం పడితే నలుపు తెలుపైపోతుంది, మళ్లీ మాయం. అందుకే మెరుపులేని కాగితం కావాలి, చుట్టూ తెల్లటి జాగా వదలాలి, అట్ట మీద అంటించాలి. కాగితం వంకరైతే రేఖలూ వంకరే. దూరం కూడా చూసుకోవాలి: అప్పటి కెమెరాలతో 7 సెంటీమీటర్ల మార్కర్ దాదాపు 40 సెంటీమీటర్ల వరకే పనిచేసేది.

ఇంకోటి, ప్రింటర్. ప్రోగ్రాంకు మార్కర్ వెడల్పు 80 మిల్లీమీటర్లని చెప్పి, ప్రింటర్ కుదించి 76 అచ్చువేస్తే, 40 సెంటీమీటర్ల దూరం 42గా లెక్కకొస్తుంది. బొమ్మ మాత్రం మార్కర్ మీదే చక్కగా కూర్చుంటుంది కాబట్టి కంటికి తేడా తెలియదు. దూరం కొలిచినప్పుడే బయటపడుతుంది. అచ్చు కాగానే స్కేలు పెట్టి చూడండి, అచ్చయిన కొలతే ప్రోగ్రాంకు ఇవ్వండి.

అన్నీ సరిగా ఉన్నా బొమ్మ వణుకుతోందా? కెమెరా మార్కర్‌ను సూటిగా ఎదురుగా చూస్తోందేమో గమనించండి. సూటిగా చూసినప్పుడు కాగితం రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ వంగినా చిత్రంలో చదరం ఆకారం దాదాపు మారదు. వంపు ఎంతో ప్రోగ్రాంకు తేలక ఒక్కో ఫ్రేములో ఒక్కో జవాబు ఇస్తుంది. కెమెరాను కాస్త పక్కకు జరిపి ఏటవాలుగా పెట్టండి, వణుకు చాలావరకు తగ్గుతుంది.