మా నీలం ఫైలు

అందరికీ నమస్కారం. ఈ రోజు వీడియోలో మిమ్మల్ని బయటికి తీసుకెళ్లడం లేదు. కెమెరాను భోజనాల బల్ల దగ్గరే పెట్టాను. నా ముందు ఒక నీలం ఫైలు, ఒక నోటుపుస్తకం, రెండు ఫోన్లు ఉన్నాయి. రిటైరయ్యాక విదేశంలో ఉంటున్న మాలాంటి వాళ్ల కష్టసుఖాల్లో చాలా భాగం ఈ బల్ల మీదే కనిపిస్తుంది.

"అక్కడ మీకు పొద్దు ఎలా గడుస్తుంది?" అని బంధువులు ఫోను చేసినప్పుడల్లా అడుగుతారు. పొద్దు గడవకపోవడం ఇబ్బందే, కాదనను. కానీ నాకు నిద్ర పట్టనివ్వకుండా చేసింది మాత్రం వేరే సంగతి. ఇంటి వ్యవహారాలన్నీ దంపతుల్లో ఒక్కరికే తెలిసి ఉండడం. మా ఇంట్లో ఆ ఒక్కరూ మావారే. బ్యాంకు, పెన్షను, పన్ను, బీమా, వీసా అన్నీ ఆయనే చూసుకునేవారు. నలభై ఏళ్లు అలాగే సాగిపోయింది.

రెండేళ్ల కిందట నవంబరులో ఆయన స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో మొదటి రాత్రి నర్సు వచ్చి, ఆయన రోజూ ఏయే మందులు వేసుకుంటారని అడిగింది. పొద్దున ఒక తెల్ల మాత్ర, రాత్రి ఒక చిన్న గులాబీరంగు మాత్ర అన్నాను. అంతకు మించి నాకు తెలియదు. సంచిలో ఉన్న మాత్రల అట్ట తీసి ఇచ్చాను. దాని మీద పెద్దక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు ఆమె ఎన్నడూ వినలేదట. దీపం కిందికి తీసుకెళ్లి వెనక రేకు మీది చిన్నక్షరాలు చదవబోయాం. మాత్రలు తీసిన చోటల్లా రేకు చిరిగిపోయి, అసలు మందు పేరులో మూడక్షరాలే మిగిలాయి. రక్తం పలచబడే మందు వాడుతున్నారో లేదో తేలందే ఆపరేషన్ విషయం చెప్పలేమన్నారు డాక్టరు. స్వదేశంలో తెల్లవారేదాకా ఆగి, అక్కడ ఆయన్ను చూసే డాక్టరుకు ఫోను చేసి కనుక్కున్నాం. ఆ కొన్ని గంటలూ ఆ చిరిగిన రేకును చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

మందుకు కంపెనీ పెట్టే పేరు దేశం మారితే మారిపోతుంది. ఒక్కోసారి అసలు పేరే మారుతుంది. మనం పారాసిటమాల్ అనేదాన్ని అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు. ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్‌ను అక్కడ ఆల్బ్యుటెరాల్ అంటారు. అందుకే ఈ నోటుపుస్తకంలో మొదటి పేజీ మందులదే. ప్రతి మందుకూ అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎందుకు, ఎప్పటినుంచి అని రాసుకున్నాం. ఇదే ఇంకో కాగితం మీద రాసి నా చేతిసంచిలో పెట్టుకున్నాను.

మందుల గొడవ తీరేసరికి డబ్బు గొడవ మొదలైంది. ఆయన పెన్షను పడే ఖాతాలో నా పేరు కూడా ఉంది. అయినా అందులోంచి పైసా కదపాలంటే ఓటీపీ కావాలి, అది వచ్చేది స్వదేశపు నంబరుకు. ఆ సిమ్ము రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయింది. డబ్బు మాదే, ఖాతా మాదే, కానీ చేతికి రాదు. దీనికి తోడు మన ప్రభుత్వ పెన్షనర్లు జీవన ప్రమాణ పత్రం ఇవ్వాల్సిన నెల అదే. మనిషి బతికే ఉన్నాడని ఏటా రాసివ్వాలి. విదేశంలో ఉన్నవాళ్లు రాయబార కార్యాలయం నుంచి గానీ కాన్సులేట్ నుంచి గానీ ధ్రువీకరణ తెచ్చుకోవచ్చని అప్పటికి నాకు తెలియదు. ఆయన కదలలేని స్థితిలో ఉంటే ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఎనభై ఏళ్లు దాటినవారికి అక్టోబరు నుంచే ఇచ్చే వీలుందట, మాకు ఇంకా ఆ వయసు రాలేదు.

పొద్దున నడకలో కలిసేవాళ్లకు ఇదంతా చెప్తే, ఒక్కొక్కరూ తమ బాధ బయటపెట్టారు. బ్రిటన్‌లో రిటైరైనవాళ్లు కెనడాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడితే వాళ్ల ప్రభుత్వ పెన్షను ఏటా పెరగదు, అదే అమెరికాకు వెళ్తే పెరుగుతుంది. అమెరికాలో పనిచేసి రిటైరైనవారికి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటుంది గానీ, దేశం దాటితే సాధారణంగా అది పనికిరాదు. ఐరోపా సమాఖ్యలో చాలా దేశాల్లో 2015 ఆగస్టు 17 నుంచి, మనిషి చివరికి స్థిరంగా నివసించిన దేశపు చట్టం ప్రకారం ఆస్తి పంచుతారు. తన పౌరసత్వ దేశపు చట్టమే కావాలనుకుంటే ఆ మాట వీలునామాలో రాసి ఉంచాలి. మాట్లాడినవాళ్లందరూ మగవాళ్లే. "మీ ఆవిడకు ఇవన్నీ తెలుసా?" అని అడిగాను. ఒక్కరు కూడా తెలుసనలేదు.

"పిల్లలు చూసుకుంటారులే" అనే మాట నాకు నచ్చదు. మా అబ్బాయి మంచివాడు, ఆ రాత్రంతా నా పక్కనే ఉన్నాడు. కానీ తండ్రి ఏ మాత్ర వేసుకుంటారో వాడికీ తెలియదు, అది వాడి తప్పు కాదు. సాయం అడగడానికి నాకు మొహమాటం లేదు. అయితే ఏం అడగాలో నాకు తెలిసి ఉండాలి కదా!

అందుకే ఇప్పుడు ప్రతి ఆదివారం ఇద్దరం ఈ బల్ల దగ్గర కూర్చుంటాం. ఆయన చెప్తారు, నేను నా చేత్తో రాస్తాను, తర్వాత ఆయన చూస్తుండగా నేనే చేస్తాను. మొదటిసారి నేను డబ్బు పంపడానికి గంటన్నర పట్టింది. ఆయన రెండుసార్లు ఫోను అందుకోబోయి ఆగారు. సిమ్ము రీచార్జి తేదీలు ఇవిగో, ఈ పేజీలో ఎర్ర సిరాతో ఉన్నాయి. పోయిన నెల నుంచి ఆ పని పూర్తిగా నాదే.

చివరి పేజీ మాత్రం చాలా వారాలు ఖాళీగా ఉండిపోయింది. ఇద్దరిలో ఒకరు వెళ్లిపోతే రెండోవారు ఎక్కడ ఉంటారన్నది అందులో రాయాలి. ఎప్పుడు ఆ పేజీ తీసినా ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లిపోయేవారు. పోయిన ఆదివారం తనే తెరిచారు. "నేను మనూరు వెళ్లిపోతాను. మరి నువ్వు?" అన్నారు. నాకు మనవరాలి పక్కనే ఉండాలని ఉంది. అదే రాశాను, పెన్సిలుతో.